నలభై నాలుగవ నంబరు రహదారిపై ఛాయాచిత్ర యాత్ర: ఋతువు, వెలుతురు, దూరం, ఖర్చు

కర్ణాటకలోని బాగేపల్లి, తమిళనాడులోని హోసూరు, మహారాష్ట్రలోని పాండర్‌కవడ: ఈ మూడు ఊళ్ల ప్రజలకు పాలనా భాషలు వేరు, బడి పుస్తకాలు వేరు. కానీ మూడింటి పక్కనుండి సాగే రహదారి మాత్రం ఒక్కటే. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సుమారు 3,745 కిలోమీటర్లు సాగే 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోకెల్లా పొడవైనది. 2010లో జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు ఇచ్చినప్పుడు పలు పాత రహదారులను కలిపి దీనిని ఏర్పరచారు. అందులో దక్షిణ భాగమంతా పూర్వపు వారణాసి - కన్యాకుమారి రహదారి. సరిహద్దు గ్రామాల పెద్దలు నేటికీ దానిని ‘ఏడో నంబరు రోడ్డు’ అనే వ్యవహరిస్తారు.

ఇంటి ముందు నుండి పోయే ఈ దారిని చివరంటా పట్టుకొని వెళ్లి, దారి పొడవునా నేల రూపాన్ని ఛాయాచిత్రాలుగా తీసుకురావాలనే కోరిక సరిహద్దు గ్రామాల యువకులలో అరుదు కాదు. చేతిఫోనులోనే మంచి కెమెరా ఉన్న ఈ రోజులలో దానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. అవసరమైనది ముందుచూపు. ఋతువు తప్పితే ఖర్చంతా పొగమంచు పాలవుతుంది. విశ్రాంతి తప్పితే ప్రాణానికే ముప్పు.

ఎప్పుడు బయలుదేరాలి

మొత్తం రహదారిని ఒకే ఊపున చుట్టి రావాలనుకోవడం మొదటి పొరపాటు. అది పందెమవుతుందే తప్ప ఛాయాగ్రహణం కాదు. దక్షిణానికి, ఉత్తరానికి అనువైన నెలలు వేరు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తమిళనాడులో ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి. అదే అక్టోబరులో దక్కను పీఠభూమి కడిగిన పళ్లెంలా ఉంటుంది. నైరుతి ఋతుపవనాలు వాయవ్య భారతం నుండి సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో వెనుదిరగడం మొదలై, అక్టోబరు 15 నాటికి ఉపసంహరణ పూర్తవుతుంది. అందుచేత బాగేపల్లి, హోసూరు ప్రాంతాలవారు ఉత్తర యాత్రను అక్టోబరు మొదటి వారంలోను, కన్యాకుమారి యాత్రను వేరుగా జనవరి, ఫిబ్రవరి నెలలలోను పెట్టుకోవడం మేలు.

ఉత్తర యాత్రకు అక్టోబరే ఎందుకంటే, రెండు చివరలా గడువులున్నాయి. పంజాబు, హర్యానాలలో వరికోతల తరువాత కొయ్యకాళ్లను తగులబెట్టే పొగ అక్టోబరు చివరి నుండి నవంబరు మధ్య వరకు దట్టమవుతుంది. ఆ రోజులలో ఢిల్లీ పరిసరాలలో క్షితిజరేఖే కనబడదు. డిసెంబరు, జనవరి నెలలలో అదే మైదానాన్ని పొగమంచు కప్పివేస్తుంది. అప్పుడు బండి నడపడమే ప్రమాదకరం. కనుక అక్టోబరు నడుమకు ఢిల్లీని దాటవలసి ఉంటుంది. రెండవ గడువు కాశ్మీరులోనిది. చినారు ఆకులు ఎరుపెక్కేది, శ్రీనగర్ చేరువనున్న పాంపోర్ పొలాలలో కుంకుమపువ్వు విచ్చేది అక్టోబరు చివరి వారం నుండి నవంబరు మొదటి పక్షం వరకు. అక్టోబరు 5 ప్రాంతంలో బాగేపల్లి నుండి కదిలినవారు 16 నాటికి ఢిల్లీ దాటి, 22 ప్రాంతంలో లోయలో అడుగుపెడితే రెండు గడువులూ దక్కుతాయి.

ఒడిశాలోని కోరాపుట్ జిల్లావారు జయపూర్, జగదల్‌పూర్ మీదుగా 30వ నంబరు రహదారిలో రాయపూర్ చేరి, అక్కడి నుండి 53వ నంబరు రహదారిలో నాగపూర్ వద్ద ఈ దారిని కలుసుకోవచ్చు. యానాంవారికి రాజమహేంద్రవరం, విజయవాడల మీదుగా హైదరాబాదు చేరడమే సుళువు.

రోజుకు ఎంత దూరం

బెంగుళూరు నుండి హైదరాబాదు సుమారు 570 కిలోమీటర్లు, అక్కడి నుండి నాగపూర్ 500. నాలుగు వరుసల రోడ్డుపై ఒక్కొక్కటి ఒక్కరోజు పని. కానీ ప్రకృతి దృశ్యాలకు పనికివచ్చే వెలుతురు సూర్యోదయానికి అటూ ఇటూ ఒక గంట, సూర్యాస్తమయానికి అటూ ఇటూ ఒక గంట మాత్రమే. ఆ రెండు వేళలలో బండి ఆగి ఉండాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచినవారు రాత్రి పదింటి దాకా నడిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. జాతీయ రహదారిపై చీకటి పడ్డాక వెనుక దీపాలు లేకుండా నిలిచిన లారీలు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు సర్వసాధారణం. అందుచేత ప్రయాణం ఉదయం పది నుండి మధ్యాహ్నం మూడున్నర వరకే. ఆ లెక్కన రోజుకు 250 నుండి 300 కిలోమీటర్లు. బాగేపల్లి నుండి శ్రీనగర్ సుమారు 3,000 కిలోమీటర్లు కనుక పది, పదకొండు ప్రయాణ దినాలు, నడుమ ఐదారు విడిది దినాలు అవుతాయి.

బొమ్మలు తీసేవారు, బండి నడిపేవారు వేరువేరుగా ఉండడం ఉత్తమం. ఒంటరిగా వెళ్లడాన్ని గొప్పగా చెప్పుకునేవారున్నారు. ఇంట్లోవారి మనశ్శాంతి దృష్ట్యా ఇద్దరు, ముగ్గురు కలిసి వెళ్లడమే తగినది. ప్రతి రాత్రి విడిది చేసే ఊరి పేరు, బండి నంబరు, తోటివారి ఇంటి నంబర్లు కాగితంపై వ్రాసి ఇంట్లో గోడకు అంటించి వెళ్లాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌కార్డులు జమ్మూకాశ్మీరులో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్లు పనిచేస్తాయి. ఈ సంగతి తెలియక లఖన్‌పూర్ దాటగానే ఫోను మూగబోతే, ఊళ్లో అమ్మానాన్నలు పడే ఆందోళన ఇంతా అంతా కాదు.

వెలుతురు లెక్క

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఈ రహదారి చాలావరకు 77, 79 డిగ్రీల నడుమనే సాగి, చివర శ్రీనగర్ వద్ద 75 డిగ్రీలకు చేరువవుతుంది. అందుచేత గడియారంలో పన్నెండైనా సూర్యుడు నడినెత్తికి రాడు. అక్టోబరు మొదట్లో కన్యాకుమారిలో ఉదయం 6.08 ప్రాంతంలో సూర్యోదయం, సాయంత్రం 6.12 ప్రాంతంలో అస్తమయం. అక్టోబరు 25న శ్రీనగర్‌లో లెక్క ప్రకారం ఉదయం 6.44, సాయంత్రం 5.46. కానీ చుట్టూ కొండలున్న చోట ఎండ నేలకు దిగేసరికి మరింత ఆలస్యమవుతుంది, సాయంత్రం ముందుగానే తప్పుకొంటుంది. పగలు గంట తగ్గినట్లు కనిపించినా ఉత్తరాదిలో ఛాయాగ్రాహకునికి ఒక లాభమున్నది. దక్షిణాన సూర్యుడు నిటారుగా దిగుతాడు, సంధ్యాకాంతి చటుక్కున ఆరిపోతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఏటవాలుగా దిగుతాడు కనుక బంగారు రంగు ఎక్కువసేపు నిలుస్తుంది.

దారిలో చూడవలసినవి

ఈ దారి దాటే నదులను వరుసగా తీసినా ఒక సంపుటి అవుతుంది: తామ్రపర్ణి, వైగై, కావేరి, పెన్న, తుంగభద్ర, కృష్ణ, గోదావరి, పెన్‌గంగ, నర్మద, చంబల్, యమున, సట్లెజ్, బియాస్, రావి, తావి, చీనాబ్, ఝీలం. పామిడి వద్ద పెన్నలో ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే కనిపిస్తుంది. బీచుపల్లి వద్ద కృష్ణ, సోన్ వద్ద గోదావరి అక్టోబరులో నిండుగా ఉంటాయి. అయితే వంతెన మీద బండి ఆపరాదు. వంతెనకు ముందో తరువాతో సర్వీసు రోడ్డులో నిలిపి, ఒడ్డుకు నడిచి వెళ్లాలి. ఒడ్డు నుండి తీసిన బొమ్మలోనే నది వెడల్పు తెలుస్తుంది.

దిండిగల్లు, నామక్కల్లు, కృష్ణగిరి, పెనుకొండ, గుత్తి: ఇవన్నీ రాతికొండలపై దుర్గాలు కట్టిన ఊళ్లే. అనంతపురం, బాగేపల్లి సీమలలోని నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. ఈ బండలకు నడి ఎండలో అందం లేదు. పక్కవాటుగా ఎండ పడినప్పుడే గుండ్ల గుండ్రదనం, పగుళ్ల లోతు కనిపిస్తాయి. గుత్తి కొండను ఉదయం ఒక దిక్కు నుండి, సాయంత్రం మరొక దిక్కు నుండి తీసి పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు కొండలని భ్రమపడతారు.

నిర్మల్ ఘాటు ఎక్కాక నేల రంగు మారడం మొదలవుతుంది. ఎర్రనేల పోయి, ఆదిలాబాదు నుండి పాండర్‌కవడ దాకా నల్లరేగడి. అక్టోబరు నెలాఖరుకు పత్తి విచ్చుకుంటుంది. నల్లమట్టి, తెల్లపత్తి ఒకే బొమ్మలో ఉంటే కెమెరా తికమకపడుతుంది: మట్టిని చూసి వెలుగు పెంచుతుంది, పత్తి వెలవెలబోతుంది. వెలుగును ఒక మెట్టు తగ్గించి తీస్తే పత్తిలో నూలు పోగు కనిపిస్తుంది. ఈ సీమలో నేరడిగొండ నుండి పక్కదారి పట్టి కడెం వాగుపైనున్న కుంటాల జలపాతానికి పోవచ్చు. ఎత్తు సుమారు 45 మీటర్లు. నాచు పట్టిన రాళ్లపై కాలుజారి అక్కడ పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కనుక నీటి అంచుకు దిగకుండా దూరపు కటకంతో తీయడమే వివేకం.

నాగపూర్, సివనీల నడుమ పెంచ్ పులుల అభయారణ్యం అంచున, వన్యప్రాణుల రాకపోకలకై రోడ్డునే స్తంభాలపై ఎత్తి కట్టారు. అక్కడ బండి దిగి అడవిలోకి నడవరాదు. సాగర్, లలిత్‌పూర్, ఝాన్సీల దారి వేగంగా గడిచిపోతుంది.

ఆగి చూడవలసినది మోరేనా, ధోల్‌పూర్‌ల నడుమనున్న చంబల్ లోయ. వానలు వేల ఏళ్లుగా మెత్తని మట్టిని కోసి చేసిన గండ్ల వల అది. ఒకప్పటి బందిపోట్ల కథల వలన పేరు చెడినా, ఉదయపు ఏటవాలు ఎండలో ఆ మట్టిదిబ్బల నీడలు చూసినవారు మరువలేరు. నీడలు ఎంత పొడవైతే బొమ్మ అంత లోతుగా వస్తుంది కనుక అక్కడ ఒక రాత్రి విడిది చేయడం సబబు. గండ్లలోకి దిగేటప్పుడు స్థానికుని తోడు తప్పనిసరి. దారి తప్పడం సులభం, అంచు మట్టి కాలు మోపితే జారుతుంది. నది జాతీయ చంబల్ అభయారణ్యంలో భాగం. మొసలి జాతికి చెందిన ఘరియాళ్లకు నెలవు.

జమ్మూ నుండి శ్రీనగర్ వరకు సుమారు 270 కిలోమీటర్లు. 2017 ఏప్రిల్‌లో ప్రారంభమైన చెనానీ - నాశ్రీ సొరంగం 9 కిలోమీటర్లకు పైబడినది. బనిహాల్ - కాజీగుండ్ సొరంగం సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. సొరంగాలు వచ్చినా కొండచరియల బెడద తీరలేదు. 2025 ఏప్రిల్‌లో రాంబన్ వద్ద వరద, మట్టిపెళ్లలు దారిని మూసివేశాయి. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరులలో మరల దారి తెగి, ఆపిళ్ల లారీలు రోజుల తరబడి నిలిచిపోయాయి. పహల్గాం దాడి తరువాత లోయలో పలు సందర్శన స్థలాలను మూసివేశారు కూడా. అందుచేత జమ్మూలో ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకొని, ట్రాఫిక్ పోలీసులు రోజూ వెలువరించే ప్రకటన చూసిన పిమ్మటే కదలాలి.

తీయకూడనివి

సైనిక వాహనాలు, తనిఖీ కేంద్రాలు, స్థావరాలు, సొరంగ ముఖద్వారాలు, విమానాశ్రయాలను తీయరాదు. బొమ్మ ఎంత అందమైనదైనా విచారణలో ఒక రోజు పోతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో కెమెరా ముక్కాలిపీటకు అనుమతి కావాలి. డ్రోన్లకు 2021 నాటి నిబంధనలు వర్తిస్తాయి. డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ మండలమా, ఎరుపు మండలమా అని చూడకుండా ఎగురవేయరాదు. పులుల అభయారణ్యాలలోను, కాశ్మీరులోను డ్రోనును పెట్టె నుండి తీయకపోవడమే శ్రేయస్కరం. పొలంలో అడుగుపెట్టేముందు రైతును అడగాలి. ఇంట తెలుగు, బడిలో కన్నడమో మరాఠీయో నేర్చిన సరిహద్దు పిల్లలకు పరభాషలో మాట కలపడం కష్టమేమీ కాదు.

సామాను, సొమ్ము

ముక్కాలిపీట, ఆకాశపు మెరుపును తగ్గించే ఒక పోలరైజర్, రెండు మెమరీ కార్డులు, తుడిచే మెత్తని గుడ్డ ఉంటే చాలు. ప్రతి రాత్రి బొమ్మలను రెండవ చోటికి నకలు చేయాలి. చల్లని కారు నుండి కెమెరాను హఠాత్తుగా బయటికి తీస్తే కటకంపై ఆవిరి పడుతుంది కనుక అరగంట ముందే ఏసీ ఆపాలి. కాశ్మీరు చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి.

ఇంధనం లెక్క సులభమే. రాకపోకలకు 6,000, పక్కదారులకు 1,500, మొత్తం 7,500 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 500 లీటర్లు పడుతుంది. లీటరు 100 రూపాయలనుకుంటే 50,000 అవుతుంది. ముగ్గురు పంచుకుంటే తలకు 17,000 లోపు. టోలుకు ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుండి తప్పనిసరి. సొంత కార్లకు, జీపులకు 2025 ఆగస్టు 15న వార్షిక పాసును ప్రవేశపెట్టారు. అప్పటి ధర 3,000 రూపాయలు, పరిమితి 200 ప్రయాణాలు లేక ఒక ఏడాది. ఇంతటి దూరపు యాత్రకు అది తప్పక గిట్టుబాటవుతుంది. బండి భీమా, కాలుష్య పత్రం గడువు తిరుగు ప్రయాణం దాకా ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

దక్షిణ యాత్ర

జనవరిలో హోసూరు నుండి కన్యాకుమారికి వెళ్లేవారికి నాలుగైదు రోజులు చాలు. కోవిల్‌పట్టి, తిరునల్వేలిల నడుమ రహదారిపైనే కయత్తారు ఉన్నది. తెలుగు మూలాలుగల పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న ఆంగ్లేయులు ఉరితీసిన ఊరు అది. చుట్టుపక్కల పల్లెలలో నేటికీ తెలుగు ఇంటిభాషగాగల కుటుంబాలు ఉన్నాయి. పలకరిస్తే మజ్జిగ ఇవ్వకుండా పంపరు. నాగర్‌కోయిల్‌కు ముందు ఆరల్‌వాయ్‌మొళి కనుమలో వందల గాలిమరలు బారులు తీరి ఉంటాయి. అవి జోరుగా తిరిగేది మే నుండి సెప్టెంబరు వరకు. ఆ నెలలలో దుమ్ము రేగుతుంది కనుక అక్కడ కటకం మార్చరాదు. కన్యాకుమారిలో సముద్రంపై సూర్యోదయం ఏడాదంతా చూడవచ్చు. ఒక వైపు సూర్యుడు అస్తమిస్తుండగా మరొక వైపు చంద్రుడు ఉదయించే దృశ్యానికి చైత్ర పూర్ణిమ పేరుగాంచినది. ఆ రాత్రికి గదులు దొరకడం కష్టం కనుక నెల ముందే మాట్లాడుకోవాలి.