పెట్రోల్ జీపు డీజిల్ జీపైన కాలం

పాత పెట్రోల్ జీపులోంచి ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించడం 1970ల తర్వాత రాయలసీమ షెడ్లలో బాగా పెరిగిన పని. అమెరికాలో పాత బండ్లలో కమ్మిన్స్ డీజిల్ ఇంజన్ బిగించేవాళ్లది సరదా. సీమలో మాత్రం అది లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క.

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. తర్వాత దేశమంతా పరిచయమైన సీజే-3బీ నమూనాకు 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఉండేది. అంతకుముందు జీపుల్లోని ఇంజన్ కన్నా ఇది ఎత్తు. అందుకే ఆ జీపు బానెట్ పైకి లేచి ఉంటుంది. ఆ ఎత్తే తర్వాత డీజిల్ ఇంజన్‌కు చోటు చూపించింది.

కడప జిల్లా పడమటి భాగంలో జీపు అవసరం నేలను బట్టి వచ్చింది. మద్రాసు–బొంబాయి రైలు మార్గం ఎర్రగుంట్ల మీదుగా వెళ్లిందే గాని ప్రొద్దుటూరును, జమ్మలమడుగును తాకలేదు. ఆ రెండు ఊళ్ల మీదుగా నంద్యాల దాకా లైను పూర్తయ్యేసరికి 2016 వచ్చింది. స్టేషన్ నుంచి ఊరికి, ఊరి నుంచి పల్లెకు దారంతా రోడ్డే. వాన పడితే పెన్నా, కుందూ గట్ల నల్లరేగడి చక్రానికి అంటుకుని వదలదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, పులివెందుల వైపు ముగ్గురాయి, రాతినార గనులు. నాలుగు చక్రాలూ లాగే బండికి ఇంతకన్నా తగిన చోటు అరుదు.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఎగుమతులకు కళ్లెం వేశాయి. కొద్ది నెలల్లో ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. మన ప్రభుత్వం ఆ భారాన్ని ఎక్కువగా పెట్రోలు మీద మోపింది. లారీలు, బస్సులు, పొలాల్లోని ఆయిల్ ఇంజన్లు తాగే డీజిల్‌ను చవకగానే ఉంచింది. బావి దగ్గర కపిల పోయి ఆయిల్ ఇంజన్ వచ్చిన పల్లెల్లో డీజిల్ పని తెలిసిన మేస్త్రీకి కొదవ లేదు.

ఏ ఇంజన్ ఎక్కించాలన్నది దొరికేదాన్ని బట్టి ఉండేది. మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ ఇంజన్లు ఒక దారి. అవి బరువు, గట్టివి. బజాజ్ టెంపో వారి మెటాడోర్‌లో వచ్చిన 2.4 లీటర్ల మెర్సిడెస్ రకం ఇంజన్ ఇంకో దారి. తర్వాత మహీంద్రా సొంత డీజిల్ జీపుల ఇంజన్లు కూడా పాత బండ్లలోకి చేరాయి.

ఇంజన్ మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి నాలుగు బిగించడం కాదు. కొత్త ఇంజన్ పాత గేర్ బాక్సుకు అతకదు. మధ్యలో పెట్టడానికి మందమైన ఇనుప పలకను లేత్ మీద తిప్పించాలి. అది కాస్త పక్కకు పోయినా క్లచ్ త్వరగా అరిగిపోతుంది. ఛాసీ మీద పాత ఫౌండేషన్లు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. ముందు బరువు పెరుగుతుంది కాబట్టి కమాను కట్టకు ఒక పట్టా అదనంగా వేయాలి. కార్బొరేటర్, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ పోతాయి. పంపు, నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు వస్తాయి. పెట్రోల్ ఇంజన్ గాలిని ఏడు రెట్లు నొక్కితే చిన్న డీజిల్ ఇంజన్ ఇరవై రెట్ల దాకా నొక్కుతుంది. దాన్ని తిప్పడానికి సెల్ఫ్, బ్యాటరీ రెండూ పెద్దవి కావాలి.

చిక్కు చిన్న వస్తువుల్లోనూ ఉండేది. తాళం చెవి తిప్పగానే పెట్రోల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఆగి బండి ఆగుతుంది. డీజిల్‌కు నిప్పురవ్వే లేదు కనుక పంపును మూయడానికి డాష్‌బోర్డు దగ్గర లాగే తీగ ఒకటి పెట్టాలి. ఇంజన్ పీల్చే గాలి బలంతో ఆడే వైపర్ ఉన్న జీపులో ఆ వైపర్ పనిచేయదు. డీజిల్ ఇంజన్‌లో ఆ వాక్యూమ్ పుట్టదు మరి.

వేగం విషయంలో నష్టమే. పెట్రోల్ ఇంజన్ నిమిషానికి 4,000 చుట్ల దాకా తిరిగేది. బరువైన డీజిల్ ఇంజన్ అందులో సగం దాటాక దమ్ము కోల్పోతుంది. జీపు పాత పినియన్లు ఎక్కువ చుట్లకు లెక్కకట్టినవి కావడంతో రోడ్డు మీద బండి గోల పెట్టేదే గాని పరుగెత్తేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు మాత్రం తక్కువ చుట్లలోనే దొరికే లాగుడు అక్కరకొచ్చేది. అద్దె జీపు నడిపేవాడికి కావలసిందీ అదే.

చివరికి షెడ్డు చేసే పనిని ఫ్యాక్టరీయే చేపట్టింది. 1979లో మహీంద్రా ఫ్రాన్సు ప్యూజో కంపెనీ నుంచి 2.1 లీటర్ల డీజిల్ ఇంజన్ లైసెన్సు తీసుకుంది. 1985లో వచ్చిన ఎంఎం 540లో అదే ఇంజన్. 1994లో డీజిల్‌తోనే పుట్టిన టాటా సుమో వచ్చింది. సీమ కథల సినిమాలు జీపును వదిలి సుమో పట్టుకున్నాయి.

చట్టం కూడా బిగిసింది. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఇంధనం రకం రాసి ఉంటాయి. అవి కలవకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర బండి ఆగినట్టే. కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పటికే 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగి, మార్పిడికి కారణమైన తేడా చాలావరకు తగ్గింది. ఇప్పుడు పాత సీజే-3బీ కొనేవాళ్లలో కొందరు డీజిల్ దించేసి, తిరిగి బిగించడానికి హరికేన్ పెట్రోల్ ఇంజన్ వెతుకుతున్నారు.