గడప దాటిన పెప్టైడ్

గరివిడి అంటే పాతతరానికి ఫేకర్ వారి ఫెర్రో మాంగనీసు కొలుములు, కుర్రకారుకు పశువైద్య కళాశాల. ఆ రెండోవాళ్ల కోసం ఈ కథను కోడి దగ్గర మొదలుపెడతాను. 1911లో పేటన్ రౌస్ ఒక కోడి కంతిని నూరి, కణాలేవీ మిగలకుండా వడకట్టి, ఆ రసాన్ని వేరే కోడికి ఎక్కిస్తే దానికీ కంతి లేచింది. వైరస్‌కు ఆయన పేరే నిలిచింది. 1978లో హార్వర్డ్‌కు చెందిన పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్‌సన్ అదే వైరస్ సోకిన కోడిపిండ కణాలను గాజుపాత్రల్లో పెంచి, వైరస్ ఆర్‌ఎన్‌ఏకు అతికే 13 అక్షరాల డీఎన్‌ఏ తునకను ఆ ద్రవంలో కలిపారు. వైరస్ జోరు తగ్గింది. ఇలాంటి పొట్టి తునకను, అంటే ఆలిగోన్యూక్లియోటైడ్‌ను (ఆలిగో), మందుగా వాడాలన్న ఆలోచన అక్కడిదే.

చిక్కల్లా కణం లోపలికి పోవడమే. తునకకేమో ఋణావేశం, కణపొరేమో కొవ్వు. దారి దొరికింది వేరేచోట. 1988లో హెచ్‌ఐవీ మీద పనిచేస్తున్న రెండు బృందాలు, టాట్ అనే ప్రోటీన్‌ను ద్రవంలో వదిలితే చాలు, దానంతటదే కణంలోకి దూరుతోందని గమనించాయి. 1991లో పారిస్‌లో అలైన్ ప్రోషియాంట్జ్ బృందం ఈగకు చెందిన యాంటెన్నపీడియా ప్రోటీన్ ముక్కలోనూ ఇదే గుణం చూసింది. (ఆ జన్యువు దారితప్పితే ఈగ తలమీద మీసాల బదులు కాళ్లు మొలుస్తాయి.) 1994కల్లా 16 అమైనో ఆమ్లాల పొట్టి గొలుసే (పెప్టైడ్) చాలని తేలింది: అదే పెనెట్రాటిన్. ఇవన్నీ ఆర్జినైన్, లైసిన్ దండిగా ఉన్న ధనావేశపు గొలుసులు. 1997లో మాంట్‌పెలియర్‌లో ఎంపీజీ అనే పెప్టైడ్‌ను ఆలిగోతో ఊరికే కలిపితే రెండూ ఆవేశాలతో అంటుకుని లోపలికెళ్లాయి. మరుసటేడు స్టాక్‌హోమ్‌లో ఊలో లాంగెల్ బృందం డీఎన్‌ఏను పోలినా ఆవేశమే లేని పీఎన్‌ఏ అనే కృత్రిమ తునకను పెప్టైడ్‌కు రసాయన బంధంతో ముడివేసింది. అది అలా ఊరికే అంటుకోదు మరి.

నా దృష్టిలో అసలు మలుపు 2003. అప్పటిదాకా కణాలను ఫార్మాల్డిహైడ్‌తో చంపి ఫొటోలు తీసేవారు. కేంద్రకం నిండా పెప్టైడ్ మెరిసేది. ఆ మెరుపు చాలావరకు బూటకమని రిచర్డ్, లెబ్లూ, చెర్నోమార్డిక్ తదితరులు చూపించారు. పైపొరకు అంటుకున్న పెప్టైడే, కణం చచ్చాక లోపలికి జారేది. పైన అంటుకున్నదాన్ని ట్రిప్సిన్‌తో కడిగి, బతికున్న కణాలను చూస్తే పెప్టైడ్ ఎండోజోమ్ అనే సంచుల్లో చుక్కలుగా కనబడింది. గడప దాటినా సావిడిలోనే ఆగిపోయిన చుట్టంలా. ఎన్ని వ్యాసాలు అలా తేలిపోయాయో!

అప్పట్నుంచి ఫొటోను కాదు, పనిని నమ్మడం మొదలైంది. రిజార్డ్ కోలె బృందం అంతకుముందే తయారుచేసిన హీలా కణాలు ఇందుకు అక్కరకొచ్చాయి: వాటిలో మెరిసే ఎంజైమ్ జన్యువు మధ్య ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపును (స్ప్లైసింగ్) తప్పుదారి పట్టించే ముక్క ఒకటుంటుంది, ఆలిగో కేంద్రకందాకా చేరి దాన్ని కప్పితేనే వెలుగొస్తుంది. అబద్ధమాడే వీల్లేదు.

పందుల్లో గర్భస్రావాలు తెచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌ను కూడా పెప్టైడ్ తగిలించిన మార్ఫొలినోలు అనే కృత్రిమ ఆలిగోలు పెంపక కణాల్లో అణిచాయి. ఇలాంటి పెప్టైడ్ గొలుసులు అల్లడానికి కావలసిన అమైనో ఆమ్లపు ముడిసరుకు చేసే దివీస్‌కు భీమిలి దగ్గర చిప్పాడలో పెద్ద కర్మాగారమే ఉంది.

ఎండోజోమ్ సంగతి మాత్రం పూర్తిగా తెగలేదు. పాత్రలోని కణాలకు క్లోరోక్విన్, అంటే మన మన్యంలో చలిజ్వరానికి మింగించిన మాత్రే, కలిపితే ఆ సంచులు ఉబ్బి పగులుతాయి. అంత మోతాదు ఒంటికి పడదు. అందుకే లాంగెల్ బృందం 2011లో పెప్‌ఫెక్ట్6 అనే పెప్టైడ్‌కు క్లోరోక్విన్‌ను పోలిన ముక్కలనే కలిపి కుట్టేసింది.