జంట ఈసిమ్

ప్లాస్టిక్ సిమ్ కార్డు అవసరం లేకుండా, ఫోను లోపల అమర్చిన చిప్‌లోనే రెండు మొబైల్ కనెక్షన్లను ఒకేసారి ఆన్‌లో ఉంచే ఏర్పాటును జంట ఈసిమ్ అంటారు. రెండు నంబర్లకూ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు వస్తాయి. ఇంటర్నెట్ మాత్రం ఒక సమయంలో ఒక నంబరు మీదే నడుస్తుంది. ఐఫోన్లలో 2021 నాటి 13 శ్రేణి నుంచి, గూగుల్ పిక్సెల్‌లో 2022 నాటి పిక్సెల్ 7 నుంచి ఈ సదుపాయం ఉంది. ఈసిమ్ పనిచేసే ఫోన్లన్నిటిలో ఇది ఉంటుందనుకోకూడదు. డబ్బా మీద 'డ్యూయల్ సిమ్, ఈసిమ్' అని రాసి ఉన్నా, ఒక నానో సిమ్, ఒక ఈసిమ్ మాత్రమే కలిసి పనిచేసే ఫోన్లు ఉన్నాయి. కొనేముందు అడగాల్సింది 'ఈసిమ్ ఉందా?' అని కాదు, 'రెండు ఈసిమ్‌లు ఒకేసారి ఆన్‌లో ఉంటాయా?' అని.

చిప్, ప్రొఫైల్

తొలి సిమ్ కార్డులను 1991లో జర్మనీ సంస్థ గీసెక్ అండ్ డెవ్రియంట్ తయారుచేసి ఫిన్లాండ్‌లోని రేడియోలింజా అనే మొబైల్ ఆపరేటరుకు అమ్మింది. అప్పట్లో ఏటీఎం కార్డంత ఉన్న సిమ్ చిక్కుతూ చిక్కుతూ 12.3 × 8.8 మిల్లీమీటర్ల నానో సైజుకు వచ్చింది. సైజు మారినా సూత్రం మారలేదు. చందాదారు గుర్తింపు సంఖ్య, ఆ చందాదారు ఫలానా అని నెట్‌వర్క్‌కు రుజువుచేసే రహస్య తాళం ఆ చిప్‌లోనే ఉంటాయి. కార్డు ఎవరి చేతిలో ఉంటే నంబరు వారిది.

ఈసిమ్ చిప్‌నూ అందులోని ఈ సమాచారాన్నీ విడదీసింది. చిప్ ఫోనుతోనే పుట్టి ఫోనుతోనే పోతుంది. గుర్తింపు సంఖ్య, తాళం, ఆపరేటరు సెట్టింగులు కలిసిన మూట మాత్రం ఇంటర్నెట్ ద్వారా దిగుతుంది. ఆ మూటే ప్రొఫైల్. ప్రతి చిప్‌కూ ఈఐడీ అనే 32 అంకెల సంఖ్య ఉంటుంది. ఫోన్లలో ప్రొఫైళ్లు ఎలా దిగాలో, ఎలా నిల్వ ఉండాలో నిర్ణయించే ప్రమాణాలను మొబైల్ ఆపరేటర్ల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2016 నుంచి ప్రకటిస్తోంది.

ఈసిమ్ కోసం వచ్చే క్యూఆర్ కోడే ప్రొఫైల్ అనుకునేవారు చాలామంది. అందులో ఉండేది ఆపరేటరు సర్వరు చిరునామా, దానితోపాటు ఒక గుర్తింపు కోడ్, అంతే. స్కాన్ చేయగానే ఫోను ఆ సర్వరును పలకరిస్తుంది. సర్వరు చిప్ ధ్రువపత్రాన్ని పరిశీలించి, ఆ ఒక్క చిప్ మాత్రమే విప్పగలిగేలా ప్రొఫైల్‌ను గూఢలిపిలో పంపుతుంది. కాబట్టి ఒకసారి దిగిన ప్రొఫైల్‌ను కాపీ చేసి మరో ఫోనులో వేసుకోవడం కుదరదు. సాధారణంగా ఆ కోడ్ ఒక్కసారికే చెల్లుతుంది. అయితే ఇంకా స్కాన్ చేయని కోడ్ ఫొటో ఇంకొకరికి చేరితే మాత్రం నంబరు వారి ఫోనులోకి వెళ్లిపోతుంది.

ఒకే చిప్‌లో రెండు

మొదటి తరం ఈసిమ్ చిప్‌లో ప్రొఫైళ్లు ఎన్ని దాచుకున్నా, ఒక వేళలో ఒకటే మేలుకొని ఉండేది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్, ఎక్స్ఆర్‌లలో రెండు నంబర్లు కావాలంటే ఒకటి నానో సిమ్‌గా ఉండక తప్పలేదు. మూడేళ్ల తర్వాత యాపిల్ ఈ అడ్డు తొలగించింది. ఆండ్రాయిడ్ వైపు 13వ వెర్షన్‌తో మార్పు వచ్చింది. ఒకే చిప్, మోడెమ్‌కు వెళ్లే ఒకే తీగ మీద, రెండు వేర్వేరు సిమ్‌లుగా కనిపించేలా చేసే పద్ధతి అది. జీఎస్ఎంఏ కూడా 2022లో దీన్ని తన ప్రమాణంలో చేర్చింది. ఐఫోన్‌లో ఎనిమిది, అంతకు మించి ప్రొఫైళ్లు దాచుకోవచ్చు. ఆన్‌లో ఉండేవి మాత్రం ఎప్పుడూ రెండే. మూడోది కావాలంటే ఉన్నవాటిలో ఒకటి ఆపాలి.

'ఒకేసారి' అంటే ఎంతవరకు?

రెండూ ఆన్‌లో ఉన్నాయంటే రెండూ ఎదురుచూస్తున్నాయని అర్థం, రెండూ మాట్లాడగలవని కాదు. వాడేవారి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఎక్కువ ఫోన్లలో రెండు నంబర్లూ ఒకే రేడియోను వంతులవారీగా వాడుకుంటాయి. దీన్ని డ్యూయల్ స్టాండ్‌బై అంటారు. 'నీకు కాల్ ఉంది' అని నెట్‌వర్క్ పంపే పిలుపు కోసం ఫోను కాసేపు ఒక నెట్‌వర్క్‌ను, కాసేపు ఇంకో నెట్‌వర్క్‌ను వింటుంది. రెండు పిలుపులూ ఒకే క్షణంలో వస్తే ఒకటి తప్పిపోవచ్చు. ఈ ఢీకొనడాన్ని తగ్గించే మార్గాలను, మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ తన 17వ విడత ప్రమాణాల్లో చేర్చింది. రెండు నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండాలి కనుక, ముఖ్యంగా సిగ్నలు బలహీనంగా ఉన్నచోట, బ్యాటరీ ఖర్చు కొంత పెరుగుతుంది.

ఒక నంబరు మీద మాట్లాడుతుండగా రెండో నంబరుకు ఎవరైనా చేస్తే, మామూలుగా వారికి 'అందుబాటులో లేరు' అన్న ధోరణిలో సందేశమే వినిపిస్తుంది. దీనికి విరుగుడు వైఫై కాలింగ్. పేరులో వైఫై ఉన్నా, మొదటి నంబరు మొబైల్ డేటా మీదుగా కూడా రెండో నంబరు కాల్ రావచ్చు. ఐఫోన్‌లో ఇందుకు రెండు నంబర్లకూ వైఫై కాలింగ్ ఆన్ చేసి, 'అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్' అనే మీటను కూడా వేయాలి. డేటా కోసం ఎంచుకోని నంబరు మీద కాల్ నడుస్తున్నప్పుడు ఈ మీట లేకపోతే మ్యాపులు, వాట్సాప్ కూడా ఆగిపోతాయి. డ్రైవింగ్‌లో దారి చూపించే మ్యాప్ ఫోను ఎత్తగానే నిలిచిపోవడానికి కారణం తరచూ ఇదే. ఆపరేటరు వైఫై కాలింగ్ ఇవ్వకపోతే ఈ విరుగుడు పనిచేయదు. రెండు నంబర్లనూ నిజంగానే ఏకకాలంలో నడిపే డ్యూయల్ యాక్టివ్ పద్ధతి కొన్ని ఖరీదైన ఫోన్లలో ఉంది.

వాట్సాప్ ఖాతాకూ డేటా ఏ సిమ్‌దన్న దానికీ సంబంధం లేదు. రిజిస్ట్రేషన్ ఒక నంబరుతో, నెట్ ఇంకో నంబరుతో నడిచినా ఇబ్బంది రాదు.

భారత్‌లో

ఉన్న నంబరును ఈసిమ్‌గా మార్చుకోవడానికి ఆపరేటరు యాప్, ఎస్సెమ్మెస్, స్టోరు అనే దారులున్నాయి. ఫోనులో *#06# నొక్కితే ఒక ఈఐడీ, రెండు ఐఎంఈఐలు (ఫోను గుర్తింపు సంఖ్యలు) కనిపిస్తాయి. దరఖాస్తులో ఇవే అడుగుతారు. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 మొబైల్ కనెక్షన్లు (జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6) ఉండవచ్చన్న పరిమితి ఈసిమ్‌కూ వర్తిస్తుంది. మన పేరు మీద ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

సిమ్ మారిన తర్వాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్ సేవ నిలిపివేయాలని టెలికం శాఖ 2022లో ఆదేశించింది. కాబట్టి ప్లాస్టిక్ సిమ్ నుంచి ఈసిమ్‌కు మారిన రోజున బ్యాంకు ఓటీపీ కోసం ఎదురుచూసి లాభం లేదు. రెండు నంబర్లూ ఒకే రోజు మార్చుకుంటే ఏ ఓటీపీకీ దిక్కుండదు. ఒక్కొక్కటిగా మార్చుకోవడం మేలు. ఈ విరామం పెట్టింది మోసగాళ్లను అడ్డుకోవడానికే. కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ చేసి, తాము చెప్పిన ఈమెయిల్‌తో చందాదారు చేత ఒక ఎస్సెమ్మెస్ పంపించి నంబరును తమ ఫోనులోకి లాగేసుకునే ముఠాలున్నాయి. బాధితుడికి ముందుగా తెలిసేది సిగ్నలు పోవడమే. ఇదే తరహా రక్షణగా, సిమ్ మార్చిన 7 రోజుల వరకు నంబరును వేరే ఆపరేటరుకు పోర్ట్ చేయనివ్వని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది.

ఫోను నీళ్లలో పడినా, తెర పగిలినా ప్లాస్టిక్ సిమ్‌ను తీసి ఇంట్లో మూలనున్న కీప్యాడ్ ఫోనులో వేసుకుంటే పని జరుగుతుంది. ఈసిమ్‌తో అది కుదరదు. మళ్లీ ఆపరేటరు దగ్గరకే వెళ్లాలి. దొంగ చేతిలో పడ్డ ఫోను నుంచి సిమ్ లాగి పారేయలేకపోవడం దాని మంచి గుణమే అయినా, బ్యాంకు ఖాతా ఒక్క నంబరుకే ముడిపడినవారు, అందునా ఊళ్లలో ఉండే పెద్దవారు, ట్రే ఉన్న ఫోనులో ఆ నంబరును ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచుకోవడం వివేకం.

విదేశాల్లోని తెలుగువారు

2022 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ ట్రే లేదు. అక్కడ చదువుకునేవారికి, ఉద్యోగులకు జంట ఈసిమ్ సౌకర్యం కన్నా అవసరం ఎక్కువ. కాల్స్, డేటా అమెరికా నంబరు మీద, ఓటీపీలు రోమింగ్‌లో ఉన్న భారత నంబరు మీద. అలాంటప్పుడు భారత నంబరుకు డేటా రోమింగ్ ఆపి ఉంచాలి. ప్లాన్ గడువు దాటకుండా రీఛార్జి కూడా చూసుకోవాలి. అమెరికా నుంచి అమ్మానాన్నలకు ఐఫోన్ తెచ్చేవారు ముందుగా రెండు విషయాలు తేల్చుకోవాలి: వాళ్ల ఆపరేటరు ఈసిమ్ ఇస్తుందా, ఫోను అమెరికా ఆపరేటరు లాక్‌లో ఉందా. వాయిదాల మీద కొన్న ఫోను బాకీ తీరేదాకా లాక్‌లో ఉండటం అక్కడ మామూలే. చైనా మార్కెట్ కోసం తయారైన ఐఫోన్ల సంగతి దీనికి తలకిందులు. వాటిలో చాలాకాలం రెండు నానో సిమ్‌లు పట్టేవి, ఈసిమ్ ఉండేది కాదు. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్‌కు ఏ దేశంలోనూ ట్రే లేదు.

ఆపడం, తొలగించడం

సెట్టింగుల్లో ప్రొఫైల్‌ను ఆఫ్ చేస్తే అది చిప్‌లోనే నిద్రపోతుంది. కావాలన్నప్పుడు మళ్లీ లేపుకోవచ్చు. తొలగిస్తే మాత్రం ఆపరేటరు మళ్లీ ఇస్తేనే తిరిగొస్తుంది. తొలగించినంత మాత్రాన కనెక్షన్ రద్దు కాదు, పోస్ట్‌పెయిడ్ బిల్లు వస్తూనే ఉంటుంది. పాత ఫోను అమ్మేటప్పుడు ముందు రెండు నంబర్లనూ కొత్త ఫోనులోకి మార్చుకుని, అవి పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాతదాన్ని రీసెట్ చేయాలి. రీసెట్ సమయంలో ఈసిమ్‌లను ఉంచాలా, చెరపాలా అని ఫోను విడిగా అడుగుతుంది. ఈఐడీ మాత్రం చిప్‌తోపాటే కొన్నవారికి వెళ్తుంది.