లుసైల్ ఎండ, వాల్తేరు లెక్క

ఖతార్‌లోని లుసైల్ రోడ్ల మీద బండి నడిపే తెలుగు డ్రైవరు సెల్లులో మ్యాపు చూసి మలుపు తిరుగుతాడు. దారి చెప్పే జీపీఎస్ సంకేతం ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి దిగుతూ, సూర్యకిరణాలు చీల్చిన వాయువును, అంటే ప్లాస్మాను, దాటి రావాలి. అక్కడ ఎలక్ట్రాన్లు ఎంత చిక్కగా ఉంటే సంకేతం అంత ఆలస్యమవుతుంది. ఆ చిక్కదనం చోటును బట్టి, నెలను బట్టి మారే తీరును పట్టుకోవడానికి తరాలు పట్టింది. ఆ కథలో విశాఖపట్నంలోని వాల్తేరును దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు.

1901లో మార్కోని రేడియో సంకేతం అట్లాంటిక్ దాటింది. గుండ్రటి భూమి మీద అంత దూరం ఎలా చేరింది? పైన విద్యుత్తును మోసే పొర ఉండాలని మరుసటేడు కెన్నెలీ, హెవిసైడ్ ఎవరికి వారే ఊహించారు. 1924లో యాపిల్టన్, బార్నెట్ దాన్ని రుజువు చేశారు. జీపీఎస్ సంకేతం దాటే ప్లాస్మా ఉన్నది అక్కడే; దాన్నే అయనావరణం అంటారు. రేడియో సిలోన్ తెలుగు పాటలు సముద్రం దాటి మన ఇళ్ళలో మోగింది ఆ పొర పుణ్యమే.

అసలు చిక్కుముడి తర్వాత వచ్చింది. ఎండ నడినెత్తిన కాసే చోటే ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉండాలి కదా! 1946లో యాపిల్టన్ వేర్వేరు కేంద్రాల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే, అయస్కాంత భూమధ్యరేఖ మీద లోయ, దానికి అటూ ఇటూ రెండు శిఖరాలు తేలాయి. పగటిపూట తూర్పు దిశగా ఉండే విద్యుత్ క్షేత్రం ప్లాస్మాను పైకి లేపుతుంది. లేచినది అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారుతుంది. బావి దగ్గర తోడిన నీళ్ళు కాలువ చివరి మడిలో నిలిచినట్టు.

మన దేశం ఈ లోయ నుంచి ఉత్తర శిఖరం దాకా పరచుకుని ఉంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కాబట్టే కేరళలోని తుంబాను ఎంచుకుని, 1963 నవంబరు 21న తొలి రాకెట్టు ఎగరేశారు. వాల్తేరుది శిఖరానికి ఎక్కే వాలు. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు బృందం 1950లలోనే అయనావరణపు కదలికలను కొలిచింది. 1990లలో తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ పని మొదలుపెట్టింది.

నాకు అన్నిటికన్నా విలువైనది అదే విశ్వవిద్యాలయపు పి.వి.ఎస్. రామారావు బృందం 2006లో ప్రచురించిన పరిశీలన. దేశంలోని 18 జీపీఎస్ గ్రాహకాల సమాచారాన్ని 2004 మార్చి నుంచి 2005 జూన్ దాకా ఒకేసారి చూశారు. సంకేతపు ఆలస్యాన్ని దూరంగా లెక్కేస్తే, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర సుమారు 1 నుంచి 8 మీటర్లు. శిఖరం దగ్గర 15 దాకా. విమానం దించాల్సినవాళ్ళకు అది చిన్న తేడా కాదు. ఇక రుతువులు: ఎలక్ట్రాన్లు విషువత్తు నెలల్లో అత్యధికం, తర్వాత చలికాలం, అన్నిటికన్నా వెనక వేసవి. మధ్య అక్షాంశాల్లోనూ పగటివేళ తరచు వేసవికన్నా చలికాలమే చిక్కన. వేసవిలో పైకి ఉబికే గాలి నత్రజనిని మోసుకొస్తుంది. అది ఉన్నచోట అయాన్లు త్వరగా ఎలక్ట్రాన్లతో కలిసిపోతాయి.

లుసైల్ 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, శిఖరపు ఆవలి అంచున ఉంది. ప్లాస్మాను పైకి లేపే ఆ ఊట బలపడిన రోజున శిఖరం ఉత్తరానికి జరిగి దాన్ని సమీపిస్తుంది. జూన్ ఎండకు నేల కాలిపోతున్నప్పుడు, పైన ఎలక్ట్రాన్లు మార్చిలో ఉన్నంత చిక్కగా ఉండవు.