కాళ్ళ కింది అడవి

ఇల్లు కొన్నప్పుడే అనుకున్నాం, ఈ తివాచీ పీకించేసి చెక్క నేల వేయించాలని. అనుకోవడానికీ చేయడానికీ మధ్య నాలుగేళ్ళు గడిచాయి, అది మామూలే కదా! ఈ వేసవిలో కొట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. గోడ నిండా చెక్క ముక్కలు: ఓకు, మేపుల్, హికరీ, బ్రెజిల్ చెర్రీ... మనమేమో గచ్చు మీద, నాపరాళ్ళ మీద పెరిగినవాళ్ళం. మనకి చెక్కంటే గుమ్మాలు, తలుపులు, మంచాలు. ఫోనులో చెబితే నాన్నగారు ఒకటే మాట: "టేకు వేయించరా, చెద పట్టదు."

టేకు సంగతి తరవాత చూద్దాం. నాకు వచ్చిన సందేహం వేరు. మేముండేది జార్జియాలో. ఎటు చూసినా పైన్ చెట్లే. మరి కొట్లో గోడంతా ఓకే గానీ, పైన్ పలక ఒక్కటీ లేదేం?

వెతికితే పెద్ద కథే బయటపడింది. వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా, ఈ దక్షిణాది రాష్ట్రాల్లో ఒకప్పుడు లాంగ్‌లీఫ్ పైన్ అడవి సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేదట. నిదానంగా పెరిగే చెట్టు. వందల ఏళ్ళు బతుకుతుంది. అందుకే లోపలి చెక్క ఎర్రగా, బరువుగా, రెసిన్ నిండి ఉంటుంది. మన "చేవ" అన్న మాట దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు హార్ట్ పైన్ అంటారు. సవానా వైపు వెళ్ళినప్పుడు పాత ఇళ్ళలో చూడండి, నూరేళ్ళు దాటిన నేలలు ఇంకా గట్టిగా ఉంటాయి.

అంతర్యుద్ధం అయ్యాక రైళ్ళు వచ్చాయి, వాటి వెంట రంపపు మిల్లులు వచ్చాయి. 1880ల నుంచి ఓ నలభై, యాభై ఏళ్ళలో ఆ అడవిని దాదాపు ఊడ్చేశారు. 1990ల నాటికి మిగిలింది 30 లక్షల ఎకరాలు. అంటే ముప్ఫైలో ఒక వంతు! నరికిన చోట చాలావరకు పొలాలైనా వచ్చాయి, లేదా తొందరగా పెరిగే వేరే రకం పైన్ వచ్చింది. మా ఇంటి వెనక ఉన్నవి ఆ రెండో రకమే. కాగితానికీ, ఇంటి చట్రాలకీ పనికొస్తాయి గానీ, చేవ పట్టేదాకా వాటిని ఎవరూ ఉండనివ్వరు. ఇవాళ అసలైన హార్ట్ పైన్ కావాలంటే, కూల్చేసిన పాత నూలు మిల్లుల దూలాలు కోసి అమ్మేది కొనాలి, లేకపోతే తేల్చుకుంటూ తీసుకెళ్ళేటప్పుడు నదుల్లో మునిగిపోయి, ఇప్పుడు పైకి తీసిన దుంగలది కొనాలి. ధర అడిగి, మారు మాట్లాడకుండా వచ్చేశాను.

చెస్ట్‌నట్ కథ ఇంకా ఘోరం. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో మొదట కనిపించిన ఒక బూజు, యాభై ఏళ్ళు తిరక్కుండా దాదాపు 300-400 కోట్ల చెట్లని తినేసింది. ఇది ఆసియా నుంచి వచ్చిన తెగులు.

అలా మిగిలింది ఓకు. 1880ల్లో పలక ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి తీసే యంత్రాలొచ్చి, మేకు కనపడకుండా నేల వేయడం సామాన్యుడికి అందింది. రెండుంపావు అంగుళాల సన్నటి పలక అమెరికా ఇంటికి ఆనవాలైపోయింది.

మరి దాన్ని తివాచీ ఎలా కప్పేసింది? దానికీ మా జార్జియాయే కారణం. మా ఊరికి గంటన్నర దూరంలో డాల్టన్ అని ఉంది. అక్కడ కేథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి 1900లో చేత్తో కుచ్చులు కుట్టిన దుప్పటి ఒకటి రెండున్నర డాలర్లకి అమ్మింది. చూసి ఊరంతా అదే పని పట్టింది, రోడ్డు పక్కన తీగల మీద దుప్పట్లు ఆరేసి అమ్మేవారట. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఆ కుట్టే యంత్రాలే వెడల్పై తివాచీలు నేశాయి, నైలాన్ తోడైంది. 1960ల్లో ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పుల్లో తివాచీ ఖర్చునీ కలపనిచ్చారు. ఇక బిల్డరు ఓకు ఎందుకు వేస్తాడు? అంతకు ముందు కట్టిన ఇళ్ళలో తివాచీ లేపితే కింద మెరిసే ఓకు దొరికిన అదృష్టవంతులున్నారు. మాది 1990లలో కట్టిన ఇల్లు. లేపితే ప్లైవుడ్డే!

మళ్ళీ చెక్క ఫ్యాషనైంది. ఈసారి అడవి ఎవరిది? 2008లో ఇక్కడి లేసీ చట్టాన్ని కలపకీ వర్తింపజేశారు. 2015లో లంబర్ లిక్విడేటర్స్ కంపెనీ దాని కింద నేరం ఒప్పుకుంది. రష్యా తూర్పు కొసన, పెద్దపులులు తిరిగే అడవిలో అక్రమంగా నరికిన ఓకు, చైనాలో పలకలై ఇక్కడి హాళ్ళలోకి వచ్చింది. కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైచిలుకు కట్టారు. అప్పటినుంచి కొట్లో నేనడిగే మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, "ఏ దేశం చెట్టు?" అని. చాలాచోట్ల అమ్మేవాళ్ళు డబ్బా వెనక చదవడం అప్పుడే మొదలుపెడతారు.

ఇక నాన్నగారి టేకు. చెక్క గట్టిదనానికి జాంకా కొలత అని ఒకటుంది, చిన్న ఉక్కు గుండుని చెక్కలోకి సగం దించడానికి ఎంత బలం కావాలన్నది. రెడ్ ఓకుకి 1290 పౌన్లు. టేకుకి వెయ్యికి కాస్త అటూ ఇటూ, అంతే! టేకు గొప్పదనం దాని నూనెలో ఉంది, చెదకీ నీటికీ తట్టుకోవడంలో ఉంది. పైగా బర్మా ప్రభుత్వ కలప సంస్థ మీద 2021లో అమెరికా ఆంక్షలు పెట్టింది. ఆయనకి ఇదంతా చెబితే, "అయితే ఓకే కానీ" అన్నారు. ఏ ఓకే అన్నారో నాకు తెలీలేదు.

మా ఆవిడకి వెడల్పాటి వైట్ ఓకు మీద మనసుంది. కానీ దానికి బర్బన్ పీపాలవాళ్ళతో కూడా పోటీ, ధర పైకే. చివరికి ముప్పావు అంగుళం మందమున్న, టెనసీలో కోసిన మామూలు రెడ్ ఓకు తీసుకున్నాం. ఫ్యాషన్ పోయిన సరుకే. కానీ ఈ దేశంలో గట్టి చెక్క చెట్లు మొత్తం మీద నరుకుతున్నదానికంటే ఎక్కువే పెరుగుతున్నాయి. అరిగితే మళ్ళీ మళ్ళీ చిత్రిక పట్టించుకోవచ్చు కూడా. పైన బొమ్మ అతికించిన లామినేట్‌కి ఆ యోగం లేదు.

కట్టలు హాల్లో పడి ఉన్నాయి. సన్నపలకకీ కింది ప్లైవుడ్డుకీ తేమలో 4 శాతం కంటే తేడా ఉండకూడదట. నిన్న మీటరు పెట్టి చూస్తే పలక 8, ప్లైవుడ్డు 13. అది 12కి దిగితే గానీ మేకు కొట్టనన్నాడు వడ్రంగి. రాత్రీ పగలూ ఏసీ నడుస్తోంది.