రేసు సూపర్‌బైక్

రేసు సూపర్‌బైక్ అనగా మార్కెట్లో అమ్ముడయ్యే శక్తివంతమైన మోటారుసైకిలును పోటీ నిబంధనలకు లోబడి మార్చి తయారుచేసిన ద్విచక్ర వాహనం. మోటోజీపీ వాహనాలు కేవలం పోటీల కొరకే నిర్మించబడతాయి. సూపర్‌బైకుకు మాత్రం రోడ్డుపై తిరిగే మోడలే మూలం. ప్రపంచ సూపర్‌బైక్ ఛాంపియన్‌షిప్ 1988లో ప్రారంభమైనది. 2003 నుండి ఇందులో 4 సిలిండర్ల ఇంజన్లను 1000 సి.సి. వరకు అనుమతిస్తున్నారు.

ఇంజను, గేర్లు

ఈ ఇంజన్లు 200 అశ్వశక్తికి పైగా ఉత్పత్తి చేస్తాయి. వీటి వేగం నిమిషానికి 14,000 భ్రమణాలు దాటుతుంది. శక్తి 6 గేర్ల ద్వారా, గొలుసు ద్వారా వెనుక చక్రానికి చేరుతుంది. అధిక వేగంలో గేరు తగ్గించినపుడు వెనుక చక్రం బిగుసుకుపోయి జారే ప్రమాదమున్నది. దీనిని నివారించుటకు స్లిప్పర్ క్లచ్ వాడతారు. ఇది ఆ సమయంలో కొంత జారి, ఇంజను నుండి చక్రానికి వచ్చే ఎదురు బలాన్ని తగ్గిస్తుంది.

చట్రం, సస్పెన్షన్

చట్రం ఎక్కువగా అల్యూమినియంతో తయారవుతుంది. ప్రధాన చట్రం మూల మోడల్‌దే అయి ఉండాలి. ముందు ఫోర్కుల లోపలి భాగాలను, వెనుక షాక్ అబ్జార్బరును మార్చుకొనవచ్చును. స్ప్రింగు గట్టిదనాన్ని, ఆయిలు ప్రవాహాన్ని రైడరు బరువును బట్టి, ట్రాకును బట్టి సరిచేస్తారు.

టైర్లు, బ్రేకులు

మలుపులో వాహనం సుమారు 60 డిగ్రీలు వంగుతుంది. అప్పుడు నేలను తాకే టైరు భాగం అరచేయంత మాత్రమే. ఇంజను శక్తి, బ్రేకుల బలం ఆ కొద్ది స్థలం ద్వారానే నేలకు చేరాలి. కనుక పొడి ట్రాకుపై గాళ్ళు లేని స్లిక్ టైర్లు వాడి, వాటిని పోటీకి ముందు విద్యుత్ దుప్పట్లతో వేడిచేస్తారు. చల్లబడిన స్లిక్ టైరుకు పట్టు తక్కువ. తడి నేలపై అది నీటిని బయటకు నెట్టలేదు. ముందు చక్రానికి రెండు ఉక్కు డిస్కులుంటాయి. మోటోజీపీలో వాడే కార్బన్ డిస్కులు ఇక్కడ నిషిద్ధం.

ఎలక్ట్రానిక్ నియంత్రణ

వంపు కోణం, చక్రాల వేగం, థ్రాటిల్ స్థితి మొదలగు వాటిని సెన్సార్లు కొలుస్తాయి. వెనుక చక్రం ముందుదానికంటే ఎక్కువ వేగంగా తిరిగి జారుతున్నట్లు గుర్తించిన వెంటనే నియంత్రణ యూనిట్ ఇంజను శక్తిని తగ్గిస్తుంది.

భద్రతా భాగాలు

దీపాలు, అద్దాలు, స్టాండు తొలగించబడతాయి. ఆయిలు తొట్టి బోల్టు ఊడకుండా తీగతో కట్టబడుతుంది. ఇంజను పగిలినపుడు ఆయిలు ట్రాకుపై పడి వెనుక వచ్చేవారు జారిపోకుండా, కింది ఫెయిరింగు తొట్టివలె మూసి ఉంటుంది. పక్క వాహనం తగిలి ముందు బ్రేకు పడకుండా లీవరుకు కవచం అమరుస్తారు.

సికింద్రాబాదు ప్రాంతంలో

1000 సి.సి. మోటారుసైకిళ్ళు సికింద్రాబాదు, హైదరాబాదు రోడ్లపై కూడా కనిపిస్తాయి. అయితే ఇవి రోడ్డు మోడళ్ళే. హైదరాబాదు, సికింద్రాబాదుల మధ్యనున్న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగినది. అందుకు వాడినది రోడ్లను మూసి ఏర్పరచిన తాత్కాలిక ట్రాకు. దక్షిణ భారతదేశంలో మోటారుసైకిలు పోటీలు జరిగే ప్రధాన శాశ్వత ట్రాకులు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను ఉన్నాయి.

రేసు భాగాలను సాధారణ రోడ్డుపై వాడుట ప్రమాదకరం. గుంతలు, ఇసుక, ఎదురు వాహనాలున్న చోట స్లిక్ టైరు అవసరమైన వేడిని నిలుపుకొనలేదు. కింద పడిన రైడరు జారి ఆగుటకు ట్రాకు పక్కన ఉండే ఖాళీ స్థలం రోడ్డుపై ఉండదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటను, 189వ సెక్షను ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశాలలో పందేలు నిర్వహించుటను నిషేధిస్తాయి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న బాహ్య వలయ రహదారి ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు.