దుబాసీ అక్కర్లేని శిక్ష

1962లో మూడు నెలల తేడాతో రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరిగాయి. మొదటిది జూన్ 2న, చిలీ రాజధాని శాంటియాగోలో. ప్రపంచ కప్పులో చిలీ, ఇటలీ తలపడ్డాయి. ఆట మొదలై పన్నెండు సెకన్లకే తొలి ఫౌల్. ఎనిమిదో నిమిషంలో ఇటలీ ఆటగాడు ఫెర్రీనిని రిఫరీ కెన్ ఆస్టన్ బయటికి పొమ్మంటే అతను పోనన్నాడు. చివరికి పోలీసులు మైదానంలోకి దిగి తీసుకుపోవాల్సి వచ్చింది. చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ ఒక్క గుద్దుతో మాస్కియో ముక్కు విరగ్గొట్టి కూడా చివరిదాకా ఆడాడు. తొమ్మిది మందితో మిగిలిన ఇటలీ 0-2తో ఓడింది. ఆ మ్యాచ్‌కి ‘శాంటియాగో యుద్ధం’ అనే పేరు నిలిచిపోయింది.

రెండోది సెప్టెంబర్ 4న, జకార్తాలో. ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన జట్టు ఆడింది. తైవాన్, ఇజ్రాయెల్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో స్టేడియం మొత్తం మన మీద కారాలు మిరియాలు నూరుతోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు వేయించుకుని ఫార్వర్డ్‌గా దిగి గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ ఇంకోటి. 2-1తో స్వర్ణం మనది. ఆ జట్టులో సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ ఉన్నారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు.

ఈ రెండు మ్యాచ్‌ల్లోనూ రిఫరీ జేబులో కార్డు లేదు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఆటగాణ్ణి బయటికి పంపే అధికారం రిఫరీకి కార్డులకి చాలా ముందునుంచే ఉంది. 1930లో ఉరుగ్వేలో జరిగిన తొలి ప్రపంచ కప్పులోనే పెరూ ఆటగాడొకడు రొమేనియా మీద ఆడుతూ బయటికి వెళ్ళాడు. చిన్న తప్పయితే రిఫరీ దగ్గరికి పిలిచి, హెచ్చరించి, జేబులోని నోటుబుక్కులో పేరు రాసుకునేవాడు. అంతా నోటిమాటే. ఇద్దరిదీ ఒకే భాషయితే చిక్కు లేదు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసిపోయే మన అనంతపురం జిల్లా రాయదుర్గం సంతలో బేరం తెగుతుంది కాబట్టి మనకి ఇదో పెద్ద విషయంగా అనిపించదు. ప్రపంచ కప్పులో మాత్రం తెగలేదు.

1966 జూలై 23, లండన్ వెంబ్లీ. ఇంగ్లండ్, అర్జెంటీనాల మధ్య క్వార్టర్ ఫైనల్. రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ జర్మన్, ఆయనకి స్పానిష్ రాదు. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రటీన్‌కి జర్మన్ రాదు. రిఫరీ బయటికి పొమ్మన్నాడు. రటీన్ తన కెప్టెన్ పట్టీ చూపించి దుబాసీని పిలిపించమన్నాడు. నిమిషాలు గడిచిపోతున్నాయి, ఆట ఆగిపోయింది. ఆ టోర్నమెంటు రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్, శాంటియాగోలో నలిగిన ఆ కెన్ ఆస్టనే, మైదానం అంచుకి దిగొచ్చి నచ్చజెప్పాల్సి వచ్చింది. బయటికి వెళ్ళిన రటీన్ రాణిగారి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కూర్చున్నాడు. అదే మ్యాచ్‌లో తమ పేర్లు కూడా రిఫరీ పుస్తకంలోకి ఎక్కాయని ఇంగ్లండ్ సోదరులు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్‌లకు ఆట అయ్యేదాకా తెలియలేదు. నా దృష్టిలో రటీన్ గొడవ కంటే ఇదే పెద్ద లోపం. తనకి హెచ్చరిక అందిందని తెలియనివాడు జాగ్రత్త పడేదెలా?

ఆ మ్యాచ్ తలపోసుకుంటూ ఆస్టన్ కారులో ఇంటికి వెళ్తున్నాడు. కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగాడు. పసుపు వెలిగితే నిదానించు, ఎరుపు వెలిగితే ఆగు. ఏ దేశం డ్రైవరుకైనా దుబాసీ అక్కర్లేదు. పసుపు, ఎర్ర కార్డులు అలా పుట్టాయి. తప్పుని పెద్దది చేయడానికో, శిక్షని కఠినం చేయడానికో పుట్టలేదు. శిక్ష పడ్డవాడితో పాటు ప్రేక్షకుడికీ, రేడియో వ్యాఖ్యాతకీ ఒకేసారి కనబడాలని పుట్టాయి.

1970 మెక్సికో ప్రపంచ కప్పులో కార్డులు తొలిసారి బయటికి వచ్చాయి. మే 31న ప్రారంభ మ్యాచ్‌లోనే సోవియట్ ఆటగాళ్ళకి పసుపు పడింది. విచిత్రం, ఆ టోర్నమెంటు మొత్తంలో ఒక్క ఎర్ర కార్డూ లేదు. అదే ఏడాది సబ్‌స్టిట్యూట్లని కూడా అనుమతించారు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. 1966లో బల్గేరియా, పోర్చుగల్ డిఫెండర్లు పెలేని తన్ని తన్ని కుంటివాణ్ణి చేశారు. తన్నినవాళ్ళెవరూ బయటికి పోలేదు. కుంటుతున్న పెలే స్థానంలో ఇంకొకణ్ణి దింపే వీలూ లేదు. అంటే ఎదుటి జట్టులో మేటి ఆటగాణ్ణి గాయపరిస్తే లాభమే తప్ప నష్టం లేని నియమం అది. 1970లో ఆ లెక్క తిరగబడింది.

తొలి ఎర్ర కార్డుకి ఇంకో నాలుగేళ్ళు ఆగాలి. 1974 జూన్ 14న పశ్చిమ బెర్లిన్‌లో టర్కీ రిఫరీ డోవాన్ బాబజాన్ చిలీ ఆటగాడు కార్లోస్ కాసెలీకి చూపించాడు. ప్రపంచ కప్ ఫైనల్లో ఎరుపు పడటానికైతే 1990 దాకా పట్టింది. అర్జెంటీనా డిఫెండర్ మోన్సోన్‌కి, తర్వాత అదే మ్యాచ్‌లో డెజోట్టీకి. ఆ తర్వాత ఫైనల్ ఎర్ర కార్డు అనగానే అందరికీ గుర్తొచ్చేది 2006 జూలై 9న ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ ఛాతీని గుద్దడం.

కార్డు ప్రభావం ఆ ఒక్క మ్యాచ్‌తో ఆగిపోదు. కార్డుల లెక్క తర్వాతి మ్యాచ్‌కి కూడా నడిచి వస్తుంది. ప్రపంచ కప్పులో వేర్వేరు మ్యాచ్‌ల్లో రెండు పసుపులు పోగైతే ఒక మ్యాచ్ సస్పెన్షన్. 2002లో జర్మనీ ఆటగాడు మైకేల్ బల్లాక్ సెమీఫైనల్లో దక్షిణ కొరియా దాడిని ఆపడానికి ఫౌల్ చేసి పసుపు తీసుకున్నాడు. ఫైనల్ తనకి లేదని తెలిసిపోయింది. నాలుగు నిమిషాల్లో గోల్ కొట్టి జట్టుని ఆ ఫైనల్‌కి పంపించాడు. ఇలాంటివాళ్ళ ఉసురు తగిలిందేమో, 2010 నుంచి క్వార్టర్ ఫైనల్ అయ్యాక పసుపు లెక్క తుడిచేస్తున్నారు. అయినా 2014లో బ్రెజిల్ కెప్టెన్ తియాగో సిల్వా తప్పించుకోలేకపోయాడు. క్వార్టర్ ఫైనల్లో కొలంబియా గోల్‌కీపర్ బంతిని తన్నకుండా అడ్డుపడి రెండో పసుపు తెచ్చుకున్నాడు. అతను లేని సెమీస్‌లో బ్రెజిల్ 1-7తో జర్మనీ చేతిలో చితికింది. అంత అనవసరమైన పసుపు కార్డు నేనింకోటి ఎరగను.

లెక్క రాసేవాడు తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2006 జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో ఇంగ్లిష్ రిఫరీ గ్రాహం పోల్ క్రొయేషియా ఆటగాడు షిమునిచ్‌కి మూడు పసుపులు చూపించాడు. రెండోదాన్ని ప్రత్యర్థి ఆస్ట్రేలియా జట్టు 3వ నంబరు ఆటగాడి పేరున రాసుకోవడంతో మూడోదాకా ఎరుపు ఎత్తలేదు. మూడు రోజుల తర్వాత న్యూరెంబర్గ్‌లో పోర్చుగల్, నెదర్లాండ్స్ మ్యాచ్‌లో పదహారు పసుపులు, నాలుగు ఎరుపులు. 64 మ్యాచ్‌ల ఆ టోర్నమెంటులో ఎర్ర కార్డులే 28. వీడియో రిఫరీ వచ్చిన 2018లో మాత్రం నాలుగే. 2022లోనూ నాలుగే. పైనుంచి కెమెరా చూస్తోందని తెలిశాక ఎవరికీ తెలియకుండా మోచెయ్యి విసిరే ధైర్యం తగ్గింది. అంతకుముందే, 2014లో, రిఫరీ కంటపడకుండా ఇటలీ ఆటగాడు కియెల్లీనిని కొరికిన ఉరుగ్వే ఆటగాడు సువారెజ్‌ని కెమెరాయే పట్టించింది. ఒక్క కార్డూ పడకుండానే తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం, నాలుగు నెలలు ఆటకే దూరం.

2018లో కార్డులే ఒక దేశాన్ని ఇంటికి పంపాయి. జపాన్, సెనెగల్ పాయింట్లు, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్, ముఖాముఖి ఫలితం అన్నీ సమానం. జపాన్‌కి నాలుగు పసుపులు, సెనెగల్‌కి ఆరు. జపాన్ ముందుకెళ్ళింది. పోలండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ, చివరి పది నిమిషాలు ఇంకో పసుపు పడకుండా తమలో తాము బంతి ఇచ్చిపుచ్చుకుంటూ గడిపేశారు. స్టేడియం ఈలలు వేసింది. నాకూ నచ్చలేదు. కానీ 1990లో ఐర్లండ్, నెదర్లాండ్స్‌లలో ఎవరు రెండో స్థానమో చీటీ తీసి తేల్చారు. దానికంటే ఇది నయం, మైదానంలో చేసినదానికే ఫలితం కట్టారు.

ఇక మన గడ్డ. రహీం స్వతహాగా బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా ఐదేళ్ళు వరుసగా రోవర్స్ కప్పు గెలిచింది. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవాడు, బలహీనమైన కాలుతోనే ఆడాలని ఇంకో పోటీ పెట్టేవాడు. బంతిని వెంటనే పక్కవాడికి ఇచ్చేస్తే తన్నడానికి వచ్చినవాడికి కాలు దొరకదు. క్రమశిక్షణని శిక్షలో కాక ఆటతీరులోనే ఇమిడ్చాడు ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్ చేరిన జట్టు ఆయనదే. కార్డు లేని కాలంలో ఆ పని చేసింది కోచే.

తర్వాత అంతర్జాతీయ టోర్నమెంట్లు కార్డులతో సహా మన దగ్గరికే వచ్చాయి. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకి, 2008 ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మ్యాచ్‌లకి, 2024 ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కి హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. మన రాయదుర్గానికి హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర. 2023 జూన్‌లో అక్కడి సాఫ్ చాంపియన్‌షిప్‌లో ఎర్ర కార్డు తీసుకున్నది ఆటగాడు కాదు, భారత కోచ్ ఇగోర్ స్టిమాచ్. పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే చేతిలోంచి బంతి లాక్కున్నాడు. కువైట్ మ్యాచ్‌లో మళ్ళీ ఎరుపు. సెమీస్, ఫైనల్ రెండింటికీ బెంచి మీద లేడు, సహాయకుడు మహేశ్ గావ్లీ జట్టుని నడిపాడు. కోచ్‌లకీ కార్డు చూపించాలన్న నియమం వచ్చింది 2019లోనే. జట్టు కప్పు గెలిచింది కాబట్టి ఎవరూ అడగలేదు గానీ, రహీం కుర్చీలో కూర్చున్నవాడు చేయాల్సిన పని కాదది.

అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ వచ్చాక మన జిల్లా పిల్లలకి పచ్చగడ్డి మీద ఆడే వీలు దొరికింది. ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు. మిగతా ఊళ్ళలో ఇంకా మొరపనేలే. మొరపనేల మీద జారుతూ టాకిల్ చేస్తే మోకాలి తోలు ఊడుతుంది కాబట్టి మన కుర్రాళ్ళు జారరు. చొక్కా పట్టి లాగుతారు, వెనకనుంచి తోస్తారు, అవి ఫౌల్ అని చెప్పేవాడు లేకపోతే మాటామాటా పెరిగి మ్యాచ్ ఆగిపోతుంది. రాయదుర్గంలోనైనా, పక్క ఊళ్ళలోనైనా టోర్నమెంటు పెట్టే పెద్దలకి ఒక్క మనవి. కప్పుకి, మైకుకి డబ్బు పోగుచేసేటప్పుడే శిక్షణ పొందిన రిఫరీకి కూడా ఛార్జీలు తీసిపెట్టండి. రెండు కార్డులు, ఒక నోటుబుక్కు ఆయనకివ్వండి. మ్యాచ్ అయ్యాక ఎవరికి ఎందుకు పడిందో కాగితం మీద రాయించి గోడకి అంటించండి.